గోడ మీద మొహాలు తరవాత, ముందు చేతులు వేయండి

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెబుతాను, కొత్తగా చదివేవాళ్ళ కోసం. ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఒక యువజన సంఘం వాళ్ళు తమ వీధి చివర ఉన్న బడి ప్రహరీ మీద వీధి చరిత్రను బొమ్మలుగా వేయించాలనుకుంటున్నారు. గోడ 80 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. ఎవరి బొమ్మలు వేయాలో తేలక మూడు మీటింగులు గొడవతోనే ముగిశాయట. మధ్యలో గిడుగు రామమూర్తి గారు ఉండాలని కొందరు, మహారాజా వారు ఉండాలని కొందరు. తెలుగులో రాయాలా ఒడియాలో రాయాలా అని ఇంకో పేచీ. ఏ రంగులు వాడాలి, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

తమ్ముడూ, నేను బరంపురంలో ముప్ఫై ఏళ్ళు బోర్డులు రాసి బతికినవాణ్ణి. ఫ్లెక్సులు వచ్చాక ఆ పని పోయింది. తరవాత బడుల గోడలు, ఆ తరవాత వీధుల గోడలు నా చేతికొచ్చాయి. ఇప్పటికి పదకొండు గోడలు వేశాను, అందులో నాలుగు ఇప్పుడు లేవు. ఒకటి వానకు రాలిపోయింది, ఒకటి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని రాత్రికి రాత్రి సున్నం కొట్టేశారు, మిగతా రెండూ వీధివాళ్ళ తగువుల్లో పోయాయి. మీకు పనికొచ్చేది నిలబడిన ఏడు గోడల కన్నా పోయిన ఆ నాలుగు గోడల సంగతే.

మొహాల గొడవతో మొదలుపెడతాను, మీరు ఇరుక్కుపోయింది అక్కడే కాబట్టి.

నేను వేసిన మొదటి వీధి గోడ బరంపురంలో పట్టు నేసేవాళ్ళ వీధిలోది. పెద్దలంతా కూర్చుని తొమ్మిదిమంది పేర్లు ఇచ్చారు, నేను తొమ్మిది మొహాలు వేశాను. ప్రారంభం రోజు సాయంత్రమే పదో కుటుంబం వచ్చింది, మా తాత ఏం పాపం చేశాడని. మర్నాడు తొమ్మిదిమందిలో ఒకాయన మనవడు వచ్చి మా తాత మీసం ఇలా ఉండదు పొమ్మన్నాడు. ఆర్నెల్లు తిరక్కుండా ఒక మొహానికి పేడ కొట్టారు. ఎవరు కొట్టారో వీధిలో అందరికీ తెలుసు, ఒక్కరూ చెప్పలేదు. చివరికి వీధివాళ్ళే నన్ను పిలిచి చెరిపేయమన్నారు. నా చేత్తో వేసిన బొమ్మను నా చేత్తోనే చెరిపాను, దానికి కూలి కూడా తీసుకున్నాను, ఇంట్లో అవసరం అలా ఉంది మరి.

రెండేళ్ళ తరవాత అదే గోడ మీద మళ్ళీ వేయమన్నారు. ఈసారి ఒక్క మొహం కూడా వద్దన్నాను. గుంట మగ్గంలో కాళ్ళు, నాడె విసిరే కుడిచెయ్యి, కండె చుట్టే ముసలామె వేళ్ళు, తెల్లవారుజామున వీధి పొడుగునా సాగదీసిన పడుగు, దాని కింద నుంచి వంగి బడికి పోతున్న ఇద్దరు పిల్లలు. ఒక పక్కన ఠాకురాణి యాత్రలో పులివేషం వాడి నడుము, తోక, కాలి గజ్జెలు. మొహం లేదు. రంగు ఆరకముందే ఒకావిడ వచ్చి ఆ కండె చుట్టే చేతిని చూసి, ఆ గాజు మా అత్తదే అంది. పక్కింటావిడ కాదు మా అమ్మదంది. అలా ఏడెనిమిది ఇళ్ళవాళ్ళు ఆ చెయ్యి తమదేనన్నారు. గొడవేమీ కాలేదు. ఆ గోడ ఇప్పటికీ ఉంది.

అందుకే నా మాట: వీధి గోడ మీద ముందు పనులు వేయండి, చేతులు వేయండి, సామాన్లు వేయండి. మీ ఊరికి ఆ సంపద తక్కువేం కాదు. పర్లాకిమిడి కొమ్ముపని ఎక్కడెక్కడికో వెళ్ళింది. కొమ్మును వేడిచేసి వంచడం, ఆకురాయితో రుద్దడం, కొంగ మెడ తేల్చడం, ఇవి మీ వీధి కుర్రాళ్ళలో ఎంతమంది చూశారు? ఆ పనివాళ్ళ దగ్గర ఒక పూట కూర్చుని ఫొటోలు తీసుకురండి. గోడలో నాలుగోవంతు దాంతోనే నిండుతుంది.

ఇక గిడుగు వారు, మహారాజా వారు. ఇది మీ ఊరికే ఉన్న చిక్కు, దీన్ని దాటేసి పోలేం.

రామమూర్తి గారు 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో మాస్టరుగా చేరారు. అంటే ఆయన జీతం సంస్థానం డబ్బే. ఆ ఊళ్ళోనే కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడులు పెట్టారు, 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో నిఘంటువు తెచ్చారు. మనమివాళ రాస్తున్న ఈ వాడుక తెలుగుకు కొట్లాడింది ఆయనే. మహారాజా కృష్ణచంద్ర గజపతి వారు 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో ఒడియా వాళ్ళకు వేరే రాష్ట్రం కావాలని అడిగారు, 1937లో ఒరిస్సాకు మొదటి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు. మీ జిల్లాకు ఆయన వంశం పేరే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు సంస్థానం రెండు ముక్కలైంది. ఊరు ఒరిస్సాలోకి వెళ్ళింది, చాలా పల్లెలు మద్రాసులో ఉండిపోయాయి. ఆ ఏడే రామమూర్తి గారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు.

ఒకరికి పండగ అయిన రోజు ఇంకొకరు మూట కట్టుకున్న రోజు. ఆ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి దండలు వేసి నవ్వుతున్నట్టు వేస్తే అది అబద్ధం, చూసేవాళ్ళకు తెలిసిపోతుంది. ఒకర్నే వేస్తే సగం వీధికి కోపం. మీటింగులో ఓట్లు వేసి తేల్చుదామంటారేమో, అది మాత్రం చేయకండి. ఓటులో ఓడినవాడు గోడ పక్కనే కాపురం ఉంటాడు.

నేనైతే ఇలా చేస్తాను. ఇద్దరి నిలువెత్తు బొమ్మలూ వద్దు. ఒక చోట బడిగది: నల్లబల్ల, బల్ల మీద సవర పిల్లలు, ఖాళీ కుర్చీ మీద మాస్టారి తలపాగా, కర్ర. ఇంకో చోట కోట గుమ్మం, దాని ముందు జనం. రెంటికీ మధ్యన 1936 అని ఒక్క అంకె. అంతే, వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆ అంకె కింద ఇంకోటి కూడా పెట్టండి, ఇది చాలామందికి తెలియదు: అదే 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు సొంత లిపి తయారుచేశారు, సొరాంగ్ సొంపెంగ్ అని. తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఊరు ఎవరిదని తేల్చుకుంటున్న ఏడాదే, కొండమీద వాళ్ళు మా అక్షరాలు ఇవీ అన్నారు. మీ గోడకు నడిమి బొమ్మ అదే కావచ్చునని నాకు అనిపిస్తుంది. తేల్చుకోవాల్సింది మాత్రం మీరే.

గోడ పొడుగునా కింద ఒక గీత కావాలి, లేకపోతే బొమ్మలు ముక్కలు ముక్కలుగా కనబడతాయి. మీకు ఆ గీత తయారుగా ఉంది: నౌపడా నుంచి ఒకప్పుడు వచ్చిన చిన్న రైలు. రాజా వారు వేయించిన రెండున్నర అడుగుల గేజి లైను, 1900లో మొదలైంది, తరవాత గుణుపురం దాకా వెళ్ళింది. ఒక కొస ఇప్పుడు ఆంధ్రాలో, ఇంకో కొస ఒడిశాలో. 2004లో పెద్ద లైను కోసం ఆపేసేదాకా మీ అమ్మలూ పిన్నులూ ఎక్కిన బండే. ఆ పట్టాలను కింద నడిపించి, పైన బొమ్మలు స్టేషన్లలా రానివ్వండి. ఒక్క హెచ్చరిక: బడిగోడ మొత్తాన్ని రైలుపెట్టెల్లా చేసి కిటికీల్లో పిల్లల మొహాలు పెట్టకండి. ఆంధ్రాలోనూ ఒడిశాలోనూ ఇప్పటికే అలాంటి బడిగోడలు కోకొల్లలు. నేనే రెండు వేశాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను.

సవర బొమ్మల గురించి ఒక మాట. మీవాళ్ళలో ఎవరో ఫోనులో చూసి ఎర్ర నేల మీద తెల్లటి సవర మనుషుల్ని అంచుగా వేద్దామన్నారట. అందంగానే ఉంటుంది, కాని తొందరపడకండి. ఆ సవర బొమ్మను ఇడితాల్ అంటారు, అది అలంకారం కాదు. ఇంట్లో జబ్బు చేసినప్పుడు, పంట చేతికొచ్చినప్పుడు, పోయిన పెద్దల కోసం, ఫలానా దేవత వచ్చి కూర్చోవడానికి ఇంటి గోడ మీద వేసే ఇల్లు లాంటిది అది. జాజు (ఎర్రమన్ను) పూసిన మట్టిగోడ మీద బియ్యప్పిండితో, చీల్చిన వెదురుపుల్లతో, ముందు చుట్టూ అంచు గీసి లోపలికి వస్తారు. మహారాష్ట్ర వార్లీ బొమ్మలకీ దీనికీ పైకి పోలిక ఉండడంతో ఇంటర్నెట్లో ఒకదాని పేరుతో ఇంకోటి తిరుగుతోంది. కావాలనుకుంటే కొండ ఊళ్ళ నుంచి వేసేవాళ్ళనే పిలవండి, వాళ్ళకు కూలి ఇవ్వండి, ఏది రోడ్డు మీద వేయొచ్చో ఏది వేయకూడదో వాళ్ళనే చెప్పనివ్వండి. ఆఖరి అడుగు స్థలం వాళ్ళకు వదిలేయడం కాదు, మంచి చోటు ఇవ్వండి.

అసలు ఈ మ్యూరల్, అంటే గోడబొమ్మ, అనేది ఎక్కడో అమెరికాలో పుట్టింది కదా, మనకెందుకు అని మీ పెద్దాయన ఒకరు అన్నారట. అమెరికావాళ్ళు పెద్ద పనులే చేశారు, నిజం. 1967లో చికాగోలో నల్లవాళ్ళ పేటలో ఒక గోడ మీద వాళ్ళ వీరుల్ని వేశారు, 1971లో భవనం తగలబడ్డాక గోడా పోయింది. లాస్ ఏంజెలెస్‌లో జూడీ బాకా అనే ఆవిడ 1976 నుంచి నాలుగువందలమందికి పైగా కుర్రాళ్ళనూ ఇళ్ళవాళ్ళనూ పెట్టుకుని వరదకాలవ గోడ మీద అర మైలు చరిత్ర వేయించింది. అయితే మన గంజాంలో గోడ మీద బొమ్మ కొత్తదా? దసరా రోజుల్లో ఓషాకోఠి పూజలకు గోడల నిండా దేవతల్ని వేస్తారు, వెలిసిపోతే మళ్ళీ వేస్తారు. బుగుడాలో బిరంచి నారాయణ గుడి గోడల మీద రామాయణం ఉంది. మీ పెద్దాయన్ను ఒక ఆదివారం బుగుడా తీసుకెళ్ళండి, ఆయనే మీ తరఫున మాట్లాడతాడు.

ఇప్పుడు కథలు పోగుచేయడం. వీధి చరిత్ర చెప్పండి అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పరు, లేకపోతే రాజుల కథ చెబుతారు. నేను ఒక పెద్ద డ్రాయింగ్ షీటు మీద వీధి పటం గీసుకుని, గుడి అరుగు మీద పరిచి, ఇక్కడ ముందు ఏముండేది అని అడుగుతాను. ఇక్కడ బావి, ఇక్కడ గానుగ, ఇక్కడ ఫలానావాళ్ళ పాక అని వాళ్ళే వేలు పెట్టి చూపిస్తారు. ఇంకో ప్రశ్న బాగా పనిచేస్తుంది: పొద్దున్నే మీకు మెలకువ వచ్చేది ఏ చప్పుడుకి? ఆడవాళ్ళ కోసం వేరే పూట పెట్టండి, మధ్యాహ్నం మూడు తరవాత. మగవాళ్ళున్న మీటింగులో వాళ్ళు తల ఊపడం తప్ప మాట్లాడరు. పాత పెళ్ళి ఫొటోలు అడగండి. నాకు పెళ్ళికొడుకుతో పని లేదు, వెనక కనబడే తలుపు, పందిరి, సైకిలు, దుకాణం బోర్డు కావాలి. ఏ సంగతైనా రెండు వేరువేరు ఇళ్ళవాళ్ళు చెబితేనే గోడ ఎక్కాలి. బతికున్నవాళ్ళ మొహం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎలక్షన్లు వస్తాయి.

భాష విషయం అంత పెద్దది కాదు, పెద్దది చేసుకున్నారు. గోడ మీద మాటలు ఎంత తక్కువుంటే అంత మంచిది. ఇరవై మాటలు మించనివ్వకండి. ఒడియా, తెలుగు, సవర మూడూ ఒకే సైజులో, ఒకే రంగులో. ఏది పైన అనే తగువు రాకుండా పక్కపక్కన రాయించండి. రాసేముందు ఆ భాష మాస్టారు ఒకరు కాగితం మీద సంతకం పెట్టాలి. నేను బోర్డు ఆర్టిస్టుని, రెండు లిపులూ వచ్చు, అయినా ఒకసారి ఒడియాలో ఒక ఒత్తు తప్పు రాసి ఏడాదిపాటు మాట పడ్డాను.

రంగుల సంగతికొస్తే, గోడను తడిమి చూడనివాడు రంగు కొనకూడదు. వానకు రాలిపోయిందన్న నా గోడ తప్పు పూర్తిగా నాదే. పాత సున్నం మీదే నేరుగా ఎమల్షన్ వేశాను. పైకి తెల్లగా గట్టిగానే ఉంది. రెండో వానకు సున్నంతో సహా పొలుసులు పొలుసులుగా ఊడింది. సున్నం వేలికి అంటుతోందంటే మొత్తం గీకించి, కడిగి, ఆరబెట్టి, బయటి గోడల ప్రైమర్ వేయాలి. కొత్తగా ప్లాస్టరింగ్ చేయిస్తే కనీసం 28 రోజులు ఆగండి. పచ్చి సిమెంటులోని క్షారం రంగును తినేస్తుంది. గోడ కింది భాగంలో తెల్లగా ఉప్పు తేలితే అది నేలలోంచి ఎక్కే చెమ్మ, దాని మీద ఎంత ఖరీదు రంగు వేసినా నిలవదు. ముందు నీళ్ళు గోడవైపు పారకుండా చూడాలి. ఒకవేళ అది ఇటుక, సున్నంతో కట్టిన నిజంగా పాతకాలం గోడ అయితే దాన్ని వదిలేయండి. ఆ గోడలు ఊపిరి పీల్చాలి, ప్లాస్టిక్ రంగు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక గోడే పాడవుతుంది. అలాంటిచోట చెక్కపలకల మీద వేసి తగిలించడం మేలు.

లెక్క చెబుతాను. 80 ఇంటూ 8 అంటే 640 చదరపు అడుగులు. ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు పూతలకు లీటరు సుమారు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది, అంటే నేలరంగుకే 11 నుంచి 13 లీటర్లు. బొమ్మల రంగులు చిన్న డబ్బాల్లో వేరే. కింది రెండున్నర అడుగులు బొమ్మ వేయకండి, ముదురు జాజు రంగు పట్టీ వేసేయండి. అక్కడ బురద చిమ్ముతుంది, ఆటోలు రాసుకుంటాయి, మేకలు ఒళ్ళు రుద్దుకుంటాయి, మనుషులు చేసేది చెప్పక్కర్లేదు. దానికి విరుగుడని దేవుడి బొమ్మలు కింద పెట్టిస్తారు కొందరు, నాకది నచ్చదు. లైటు వేయించండి, అది పనిచేస్తుంది. గోడ పడమర చూస్తుంటే మెరిసే ఎరుపు, గులాబి, నిమ్మపసుపు జోలికి పోకండి, ఎండకు ముందు వెలిసేవి అవే. జాజు, పసుపుమట్టి, ఇటుకరంగు, నలుపు ఏళ్ళ తరబడి ఉంటాయి. మన పాత గోడబొమ్మల రంగులూ ఇవేనని గమనించండి.

పని డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు పూర్తి చేయండి. అక్టోబరులో మాత్రం మొదలుపెట్టకండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరు రెండోవారంలోనే మనమీద పడ్డాయి. తిత్లీ మీ జిల్లాను ఎంత ముంచిందో మీకు నేను చెప్పాలా. ఆ రాత్రి కూడా మీ గోడ మీద ఉండాల్సిన సంగతే అనుకుంటాను, ఇళ్ళల్లో ఆ నీటి గుర్తులు ఉంటే ఆ ఎత్తులో ఒక సన్నటి నీలిగీత చాలు.

బొమ్మ గోడకెక్కించడానికి పాత పద్ధతే: కాగితం మీద ఒక అంగుళానికి గోడ మీద ఒక అడుగు, జాజుపొడి రుద్దిన దారం లాగి కొట్టి గళ్ళు గీయడం. పెద్ద పెద్ద ఖాళీల్లో అంకెలు వేసి, ఏ అంకెకు ఏ రంగో చెప్పి పిల్లలకూ వీధివాళ్ళకూ ఇవ్వండి. రెండు రోజులు వాళ్ళు నింపుతారు, ఆ రెండు రోజులే వీధికి జ్ఞాపకం. గీతలు, వేళ్ళు, అక్షరాలు చెయ్యి తిరిగినవాడు పది పన్నెండు రోజులు వేసుకుంటాడు. సారవ మీదకు పిల్లల్ని ఎక్కించకండి, ఫొటో కోసం కూడా.

ఆర్టిస్టుకు కూలి ఇవ్వండి. ఊరి పనే కదా, నీ పేరు కూడా రాస్తాం కదా అని నన్ను టీ బిస్కెట్లతో సరిపెట్టిన కమిటీ ఒకటి ఉంది. వాళ్ళే మైకుసెట్టు వాడికి అడ్వాన్సు ఇచ్చారు. మీరు పోగుచేసే డబ్బులో సగం మనుషులకు పోతుందని ముందే రాసుకోండి, పదోవంతు రెండేళ్ళ తరవాత మరమ్మతుకు పక్కన పెట్టండి. చందా ఇచ్చిన దుకాణాల పేర్లు గోడ మీద వద్దు, ప్రారంభం రోజు మైకులో చెప్పండి చాలు. ఒక పేరు ఎక్కితే ఇంకో పేరు ఆగదు.

అనుమతి నోటిమాటగా తీసుకోకండి. హెడ్‌మాస్టారు రేపు బదిలీ అవుతారు. బడి కమిటీ, మునిసిపాలిటీ ఇద్దరి దగ్గరా కాగితం తీసుకోండి, అందులో బొమ్మ ఎన్నేళ్ళు ఉంటుంది, ఎవరు బాగుచేస్తారు, సున్నం కొట్టేముందు ఎవరికి చెప్పాలి అన్నవి రాయించండి. రాత్రికి రాత్రి సున్నం కొట్టిన నా గోడకు ఆ కాగితం లేదు. అడగడానికి వెళితే, నువ్వెవరు అన్నారు.

ఇదంతా చదివి రేపే రంగు కొనేయకండి. ముందు గోడ మీద మూడు చోట్ల రెండడుగుల ప్లాస్టిక్ కవరు నాలుగు వైపులా టేపుతో బిగించి అంటించండి, రెండు రోజులు ఉంచండి. తీసినప్పుడు లోపలివైపు తడి ఉందో లేదో, గోడ ఏ దిక్కు చూస్తోందో, సున్నం చేతికి అంటుతోందో లేదో రాసి, దూరం నుంచి ఒక ఫొటో, దగ్గర నుంచి ఒక ఫొటో పెట్టండి. అది చూశాక ఏ కంపెనీ ప్రైమరు, ఎన్ని లీటర్లు అన్నది చెబుతాను.